ఆ గుండ్రం ఎందుకు తిరుగుతోంది?

ఆదివారం సాయంత్రం పెద్దమ్మ ఫోను చేసిందంటే రెండే కారణాలు. ఎవరిదో పెళ్లి కుదిరి ఉండాలి, లేదా టీవీలో సినిమా ఆగిపోయి ఉండాలి. మొన్న రెండోది.

“గుండ్రం తిరుగుతూనే ఉంది నాన్నా. మీ పెదనాన్న టీవీ మూడుసార్లు ఆపి వేశారు. పక్కింటి అబ్బాయి వచ్చి యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఇప్పుడేమో పాస్‌వర్డ్ అడుగుతోంది. అది నాకెక్కడ గుర్తుంటుంది?”

పది నిమిషాల కిందట ఒక సమస్య. ఇప్పుడు రెండు. అసలు సంగతి ఆ తర్వాత తేలింది. ఆ వారమే ఇల్లు సర్దారు. రౌటర్ చూడటానికి బాగాలేదని దాన్ని షోకేసులో ఇత్తడి బిందెల వెనక్కి నెట్టారు. లోహం రేడియో తరంగాలను దాటనివ్వదు. యాప్ పాపం చేసిందేమీ లేదు.

వీడియో యాప్ మొరాయించగానే మనం మొదట చేసే పని దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించడం. నా లెక్కలో అది చివరి మందు. తిరిగే గుండ్రం జ్వరం లాంటిది. మలేరియాకూ జ్వరమే, టైఫాయిడ్‌కూ జ్వరమే. ఏది వచ్చిందో తెలియకుండా మందు వేస్తే తగ్గకపోవడం అలా ఉంచి, యాప్‌లో దాచుకున్న డౌన్‌లోడ్లు పోతాయి, లాగిన్ పోతుంది, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లూ పోతాయి. అందుకే ముందు సినిమా మన తెర దాకా ఏ దారిన వస్తోందో చూద్దాం. దారి తెలిస్తే ఎక్కడ ఆగిందో పట్టుకోవడం అంత కష్టం కాదు.

సినిమా ఒకే ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల నిడివి గల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నాలుగైదు రకాల నాణ్యతల్లో తయారుచేసి సర్వర్లలో పెడతారు. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డ్యాష్ అనే పద్ధతులు రెండూ చేసేది ఇదే. మన యాప్ ప్రతి ముక్కకూ ఒకసారి ఆలోచిస్తుంది. కిందటి ముక్క చకచకా వచ్చింది కనుక ఈసారి మంచి నాణ్యత అడుగుదామా, లేక ఆలస్యమైంది కనుక తక్కువ నాణ్యతతో సరిపెట్టుకుందామా అని. సినిమా మధ్యలో బొమ్మ ఒక్కసారిగా మసకబారి, మళ్లీ తేటపడుతుందే, అది లోపం కాదు. ఆగిపోకుండా ఉండటానికి యాప్ పడుతున్న పాట్లు.

వచ్చిన ముక్కలను వెంటనే ఖర్చుచేయకుండా కొన్ని ముందే పోగేసి ఉంచుకుంటుంది. మేడ మీది నీళ్ల ట్యాంకు లాగా. మున్సిపాలిటీ నీళ్లు కాసేపు సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా, కింద కుళాయి ఆగదు. ట్యాంకు ఖాళీ అయితేనే ఆగుతుంది. గుండ్రం కనిపించిందంటే ట్యాంకు ఖాళీ అయిందని అర్థం, అంతే. పైకి నీళ్లు ఎందుకు ఎక్కలేదన్నది వేరే ప్రశ్న. ఈ ఒక్క సంగతి నుంచి ఒక చిన్న చిట్కా పుడుతుంది: సినిమా మొదలైన అరనిమిషానికే ఆగి, ఆపైన ప్రతి అరనిమిషానికీ ఆగుతుంటే సరఫరా ఎప్పుడూ తక్కువగానే ఉంది. ఇరవై నిమిషాలు బాగా ఆడి హఠాత్తుగా ఆగితే మధ్యలో ఏదో జరిగింది. పెద్దమ్మ ఇంట్లో మొదటి రకం.

రెండో రకానికి మన దగ్గర అతి సాధారణమైన కారణం రోజువారీ డేటా అయిపోవడం. లెక్క వేయండి. 1080పి, అంటే ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్ల) వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఆ వేగంతో డేటా నిజంగా ఖర్చవుతుంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు 40 నిమిషాల్లో ఖాళీ. యాప్ అంతకంటే పొదుపుగానే వాడుతుందిగానీ, విశ్రాంతి దాకా వస్తే గొప్ప. ఆ తర్వాత నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్యాకుల్లో 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది (వెయ్యి కేబీపీఎస్ అయితే ఒక ఎంబీపీఎస్). ఫోను మీద సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, వాట్సాప్ సందేశాలు కూడా నెమ్మదిగా వెళ్తుంటాయి. కాబట్టి తప్పు వీడియో యాప్‌దేనని తీర్మానించేస్తాం. 400 కేబీపీఎస్ నాసిరకం వీడియోలో నాలుగు సెకన్ల ముక్క ఆ వేగంలో దిగడానికి 25 సెకన్లు పడుతుంది. ట్యాంకు నిండేదెప్పుడు? సాంకేతిక సమస్యగా కనిపించేది నిజానికి రీచార్జి సమస్య. ఎంత డేటా మిగిలిందో చూడటానికి అరనిమిషం చాలు.

ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్ల ఫిర్యాదు వేరు. “స్పీడ్ టెస్టులో 100 చూపిస్తోంది, 4కె సినిమాకు 15 చాలంటారు, మరి ఎందుకు ఆగుతోంది?” ఆ టెస్టు ఎక్కడ నిలబడి చేశారన్నది నా మొదటి ప్రశ్న. రౌటర్ పక్కన సోఫాలో కూర్చుని ఫోనులో చేసిన టెస్టు, రెండు గోడల అవతల పడకగదిలోని టీవీ సంగతి చెప్పదు. రెండోది, మామూలు స్పీడ్ టెస్టు మీకు దగ్గర్లో, చాలాసార్లు మీ నెట్ కంపెనీలోనే ఉన్న సర్వర్‌తో మాట్లాడుతుంది. సినిమా వచ్చే సర్వర్ అది కాదు. ఆ తేడా తెలియడానికే నెట్‌ఫ్లిక్స్ 2016లో ఫాస్ట్ డాట్ కామ్ పెట్టింది. అది తన వీడియో సర్వర్ల నుంచే వేగాన్ని కొలుస్తుంది. మామూలు టెస్టులో 100, అందులో 6 వస్తే దారి మధ్యలో ఎక్కడో ఇరుకు ఉంది. మీ టీవీని ఎన్నిసార్లు ఆపి వేసినా ఆ ఇరుకు తీరదు, నెట్ కంపెనీకే చెప్పాలి.

వైఫై విషయానికి వస్తే, చాలా రౌటర్లు రెండు దారుల్లో పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ ఇరుకు. అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో నలభై రౌటర్లు ఆ మూడు వరుసల్లోనే తోసుకుంటుంటాయి. బ్లూటూత్ కూడా అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగేదీ ఆ ఇలాకాలోనే. పప్పు వేడిచేసినప్పుడల్లా సినిమా ఆగుతోందని ఎవరైనా చెబితే నవ్వకండి, నిజం కావచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5 వాడండి. వీలైతే ఆ రెంటినీ తీగతో కలిపేయండి. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కు మించదని ఇంటర్నెట్‌లో తెగ బాధపడతారుగానీ, 4కె సినిమాకు అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు.

దోషం నెట్‌దా, పరికరానిదా తేల్చడానికి నాకు తెలిసిన చవకైన పరీక్ష ఒకటుంది. టీవీని ఇంటి వైఫై నుంచి తప్పించి ఫోను హాట్‌స్పాట్‌కు కలపండి. బాగా ఆడితే తప్పు వైఫైదో, ఇంటికొచ్చే నెట్‌దో. అప్పుడూ ఆడకపోతే టీవీదో, యాప్‌దో. అదే టీవీలో వేరే వీడియో యాప్ తెరిచి చూస్తే ఆ రెంటిలో ఏదో కూడా తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రౌటర్ ఆపి వేసి, యాప్ తీసేసి, టీవీ రీసెట్ చేసి, అన్నీ ఒకేసారి చేస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు. వచ్చే వారం మళ్లీ మొదటికే వస్తుంది.

టీవీదే తప్పని తేలిందనుకుందాం. పెదనాన్న మూడుసార్లు ఆపి వేశారు కదా, అది రిమోట్‌తో. రిమోట్‌తో ఆపితే స్మార్ట్ టీవీ కునుకు తీస్తుందే తప్ప ఆగదు. జ్ఞాపకంలో ఇరుక్కున్న యాప్ లేచేసరికి అలాగే ఇరుక్కుని ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయాలి. చవక టీవీల్లో నిల్వ చోటు 8 జీబీయే, అందులో సగానికి పైగా టీవీ సొంత సాఫ్ట్‌వేరే మింగుతుంది. మిగిలినదాంట్లో పిల్లలు ఎక్కించిన ఆటలు, ఎప్పుడూ తెరవని యాప్‌లు. చోటు లేక యాప్ తెరుచుకుంటూనే మూసుకుపోతుంది. ముందు వాటిని తీసేయండి. తర్వాత సెట్టింగుల్లో యాప్ పేరు కింద రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి: క్యాష్ (యాప్ తాత్కాలికంగా పోగేసుకున్న సరుకు) తుడవడం, డేటా తుడవడం. మొదటిది గది ఊడ్చడం. రెండోది సామాను బయట పడేయడం. మొదటిది ఎప్పుడు చేసినా నష్టం లేదు. రెండోది నొక్కితే లాగిన్, డౌన్‌లోడ్లు అన్నీ పోతాయి.

గడియారం కూడా చూడండి. హాస్యానికి కాదు. కరెంటు పోయి వచ్చాక కొన్ని పాత టీవీలు ఏ పదేళ్ల కిందటి తేదీనో పట్టుకుంటాయి. యాప్, సర్వర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి చూపించుకునే ధ్రువపత్రాలకు గడువు తేదీలుంటాయి. మీ టీవీ లెక్కలో ఇది 2015 అయితే, నిన్న జారీ అయిన పత్రం ఇంకా పుట్టనట్టే. నెట్ బాగానే ఉంటుంది, యాప్ మాత్రం ‘కనెక్ట్ కాలేకపోతున్నాం’ అంటుంది. తేదీ సరిచేస్తే మరుక్షణం పనిచేస్తుంది.

ఆ పత్రాల గడువు ఎంత పని చేయగలదో 2025 మార్చి 9న కనిపించింది. ఆ రోజు లోకంలో చాలాచోట్ల రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఫోను నుంచి పంపిన వీడియోను టీవీలో ఆడించే గూగుల్ పరికరాలు), 2015లో వచ్చినవి, ఒక్కసారిగా మూగబోయాయి. ఫోను నుంచి వీడియో పంపబోతే పరికరాన్ని నమ్మలేమన్న సందేశం. కారణం వాటిలో పదేళ్ల గడువుతో పెట్టిన ధ్రువపత్రానికి ఆ రోజుతో కాలం చెల్లడం. జనం ఏం చేశారు? మనమేం చేస్తామో అదే, ఫ్యాక్టరీ రీసెట్. దయచేసి రీసెట్ చేయొద్దని గూగుల్ ప్రకటించేసరికే చాలామంది చేసేశారు. కొద్దిరోజుల్లో పరిష్కారం వచ్చినప్పుడు ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్ల పరికరాలు వాటంతటవే లేచాయి. రీసెట్ చేసినవాళ్లవి మళ్లీ అమర్చబోతే ముందుకు కదలక, వాళ్లు ఇంకో అప్‌డేట్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. యాప్ పనిచేయని రోజున ముందు ఇంకెవరికైనా ఇలాగే ఉందా అని వెతకండి, తర్వాతే మీటలు నొక్కండి అని నేను పోరు పెట్టేది అందుకే.

ఇప్పుడు నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే సమస్యకు వద్దాం. ఏదీ ఆగదు, గుండ్రం తిరగదు, నెట్ దివ్యంగా ఉంది. కానీ బొమ్మ మాత్రం మసక. ఇక్కడ మూడు పైకప్పులు ఉంటాయి, ఏది కిందికి ఉంటే అదే తగులుతుంది. ఒకటి నెట్ వేగం, అది చెప్పుకున్నాం. రెండోది చందా. నెట్‌ఫ్లిక్స్ 2019లో మన దేశంలో తెచ్చిన మొబైల్ ప్లాన్ 480పి, అంటే హెచ్‌డీ కంటే తక్కువ నాణ్యత, దాటదు, టీవీలో ఆడదు. ఎంత మంచి ఫోను కొన్నా అంతే. ఒక్కోసారి కంపెనీలే తగ్గిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెట్‌వర్కుల మీద భారం పడకుండా మన దేశంలోని పెద్ద యాప్‌లన్నీ మొబైల్ డేటా మీద 480పికి మించకూడదని మాట్లాడుకున్నాయి. అప్పుడు ఫోను మార్చినా, సిమ్ము మార్చినా ఫలితం లేదు.

మూడోది తాళం. సినిమాను దొంగిలించకుండా గుప్తలిపిలో పంపుతారు. ఆండ్రాయిడ్‌లో ఆ తాళం పేరు వైడ్‌వైన్, గూగుల్‌ది. ఆపిల్‌కు ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్‌కు ప్లేరెడీ. వైడ్‌వైన్‌లో ఎల్1 అంటే తాళం తీసే పని, బొమ్మ విప్పే పని రెండూ చిప్‌లోని భద్రమైన గదిలో జరుగుతాయి. ఎల్3 అంటే సాఫ్ట్‌వేర్‌లోనే, అంటే నడి హాల్లో. ఎల్3 పరికరాన్ని యాప్‌లు పెద్దగా నమ్మవు, సాధారణంగా 480పితో సరిపెడతాయి. టీవీకి తగిలించే పేరులేని చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో ‘4కె’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలు ఉంటాయి, లోపల మాత్రం ఎల్3. ఫోను బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఫోనును లేపే ప్రోగ్రాం) తాళం తెరిచినా చాలా మోడళ్లలో ఎల్1 పోతుంది. మీది ఏదో తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ ఫోనులో నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లండి, ప్లేబ్యాక్ వివరాల దగ్గర వైడ్‌వైన్ స్థాయి రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే బ్రౌజర్ మార్చి చూడండి. బ్రౌజర్‌ను బట్టి తాళం, తాళాన్ని బట్టి నాణ్యత.

మాటలు వినిపిస్తూ తెర నల్లగా ఉన్నా ఈ కుటుంబంలోని సమస్యే. పెట్టెకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ తీగలో హెచ్‌డీసీపీ అనే మరో తాళం ఉంటుంది. 4కె కావాలంటే సాధారణంగా దాని 2.2 రూపం దారిలోని ప్రతి పరికరానికీ తెలిసి ఉండాలి. పెట్టె, మధ్యలో సౌండ్‌బార్, చివర టీవీ. వీటిలో ఒక్కటి పాతదైనా బొమ్మ తగ్గుతుంది, లేదా మాయమవుతుంది. మధ్యవన్నీ తీసి పెట్టెను నేరుగా టీవీకి పెడితే దొంగ దొరుకుతాడు. స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా రావడం ఇదే కాపలా పుణ్యం, మీ ఫోను పాడవలేదు.

క్రికెట్ మ్యాచ్ లెక్క వేరు. సినిమా ముందే తయారై ఉంది కనుక ట్యాంకు ఎంతైనా నింపుకోవచ్చు. ఇంకా వేయని బంతిని ముందే పోగేయలేం కదా. ప్రత్యక్ష ప్రసారంలో ట్యాంకు చిన్నది, అందుకే సినిమా హాయిగా ఆడే కనెక్షన్‌లో మ్యాచ్ ఆగుతుంది. ఆ చిన్న ట్యాంకు నింపడానికే పది ముప్పై సెకన్ల ఆలస్యం అవుతుంది. డిష్ ఉన్న పక్కింట్లో కేకలు వినబడ్డాక మనకు సిక్సర్ కనబడేది అందువల్ల. ఇక ఒకేసారి వచ్చిపడే జనం. 2019 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబరు 19న ఫైనల్‌కు ఆ సంఖ్య 5.9 కోట్లు. అంతమందిలో సగం మంది వికెట్ పడగానే విసుగుతో వెనక్కి మీట నొక్కారనుకోండి, వీడియో సర్వర్ల మీది బరువంతా ఒక్కసారిగా హోమ్ పేజీ మీద పడుతుంది. టాస్‌కు పది నిమిషాల ముందే యాప్ తెరిచి కూర్చోవడం, ఆగినప్పుడు మాటిమాటికీ బయటికి వెళ్లి రాకపోవడం మన వంతు. నాణ్యతను ఆటో నుంచి ఒక మెట్టు కిందికి దించినా చాలాసార్లు కుదురుకుంటుంది.

శబ్దం గురించి రెండు ముక్కలు. పాటలు హోరెత్తిపోయి మాటలు గుసగుసల్లా వినిపిస్తే, యాప్ 5.1 శబ్దం, అంటే ఆరు స్పీకర్ల కోసం కలిపినది, పంపుతోంది, మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్ కోసం కలుపుతారు, మనకది లేదు. ఆడియో పట్టీలో స్టీరియో ఎంచుకోండి. పెదవులు ముందు, మాట వెనక అయితే బ్లూటూత్ స్పీకర్ తీసేసి చూడండి.

విదేశాల్లోని మనవాళ్ల బాధ ఇంకొకటి. హైదరాబాదులో సగం చూసిన సినిమా డల్లాస్‌లో దిగేసరికి యాప్‌లో ఉండదు. హక్కులు దేశాల వారీగా అమ్ముతారు కాబట్టి అక్కడ ఆ సినిమా మరో సంస్థ దగ్గర ఉండవచ్చు, ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. దీనికి సెట్టింగుల్లో మందు లేదు.

చందా తీరిందని యాప్ అన్నప్పుడు ‘డబ్బులు కట్టాను కదా’ అని గొడవపడే ముందు బ్యాంకు సందేశాలు వెతకండి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి నెలనెలా తనంతట తాను పోయే డబ్బుకు మీ అనుమతి ముందే నమోదై ఉండాలి, ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు చెప్పాలి. కార్డు మారినప్పుడు పాత అనుమతి కొత్తదానికి రాకపోతే చందా చప్పుడు లేకుండా ఆగిపోతుంది.

ఈ గొడవలన్నిటిలో నిజంగా ప్రమాదమైనది ఒక్కటే ఉంది. విసిగిపోయి ‘కస్టమర్ కేర్ నంబరు’ అని సెర్చిలో కొట్టడం. పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవీ ఉంటాయి. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడతాడు, ఫోనులో ఫలానా యాప్ వేసుకోమంటాడు, అది మీ తెరను అతనికి చూపిస్తుంది. వాపసు డబ్బుల కోసం ఓటీపీ చదవమంటాడు. సహాయం కావాలంటే యాప్ లోపలి సహాయం పేజీ నుంచే వెళ్లాలి. పొరపాటున డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి, అది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు.

పెద్దమ్మ పాస్‌వర్డ్ మార్చడానికి ఆ రాత్రి నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే కోడ్ వచ్చే ఈమెయిల్ బెంగళూరులో ఉన్న మా అన్నయ్యది, వాడు బైకు మీద ఉన్నాడు. రౌటర్ బయటికి తీయడానికి పట్టింది అరనిమిషం. ఇప్పుడది షోకేసు పైన, గాలి తగిలేలా ఉంది. సినిమా ఆడుతోంది.

“అంతా బాగుంది గానీ నాన్నా, బిందెల వెనక అంత ఖాళీ కనబడుతోంది, అక్కడ ఏం పెట్టను?” అంది.